పేగు కణంలోకి గ్లూకోజ్ ఏటీపీ లేకుండా ఎలా ఎక్కుతుంది? కణంలోకి, కణంలోంచి రాకపోకల గురించి కాస్త పెద్ద సమాధానం

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: డిఫ్యూజన్, ఆస్మాసిస్, ఫెసిలిటేటెడ్ డిఫ్యూజన్, యాక్టివ్ ట్రాన్స్‌పోర్ట్ అని నాలుగు పేర్లు బట్టీ పట్టాను, మొదటి మూడింటికి ఎనర్జీ అక్కర్లేదు, నాలుగోదానికి ఏటీపీ (కణం శక్తి కోసం ఖర్చుపెట్టే అణువు) కావాలి అనీ తెలుసు, కానీ పేగులో గ్లూకోజ్‌ని లోపలికి తీసుకునే ప్రోటీన్ ఏటీపీని అసలు ముట్టుకోదంటున్నారు, అయినా గ్లూకోజ్ తక్కువున్న చోటు నుంచి ఎక్కువున్న చోటుకి వెళ్ళిపోతోంది, మరి దీన్ని యాక్టివ్ అని ఎలా అంటారు?

చాలా మంచి డౌట్ అండి. ఫిజియాలజీ పాఠం చెప్తున్నప్పుడు ఈ డౌట్ ఎవరికీ రాకపోతే క్లాసు మొత్తం నిద్రపోతోందని నాకు అర్థమయ్యేది.

ముందు సూటిగా చెప్పేస్తాను. ఏటీపీ ఖర్చవుతూనే ఉంది, మీరు చూస్తున్న చోట మాత్రం కాదు. గ్లూకోజ్ లోపలికొచ్చేది పేగు కణం పైపక్క నుంచి, ఏటీపీ ఖర్చయ్యేది అదే కణానికి రక్తం వైపున్న గోడలో, సోడియం పంప్ దగ్గర. ఒక్కో ప్రోటీన్‌కీ ఇది యాక్టివ్, ఇది ప్యాసివ్ అని లేబుల్ అంటించుకుని విడివిడిగా చదువుతాం చూశారా, తికమకంతా అక్కడే మొదలవుతుంది. ఖర్చు ఎక్కడ పెడుతున్నాం, దాని ఫలం ఎక్కడ తింటున్నాం అని కణం మొత్తాన్ని కలిపి చూస్తే ఈ చాప్టర్ ఒకే కథలా కనిపిస్తుంది. కాస్త మొదట్నుంచీ వస్తాను, ఓపిగ్గా చదవండి.

కణం చుట్టూ ఉండే ప్లాస్మా త్వచం అంటే రెండు వరసల ఫాస్ఫోలిపిడ్లు, నీళ్ళతో కలిసే తలలు రెండు వైపులా బయటికి, నీళ్ళు గిట్టని కొవ్వు తోకలు మధ్యలోకి. మందం ఓ 5 నానోమీటర్లు, ప్రోటీన్లతో కలిపి 7, 8 అనుకోండి. వరసలు రెండే అని 1925లో గోర్టర్, గ్రెండెల్ అనే ఇద్దరు తేల్చారు, ఎర్ర రక్తకణాల నుంచి కొవ్వు తీసి నీళ్ళ మీద ఒక్క పొరగా పరిస్తే అది ఆ కణాల ఉపరితలానికి దాదాపు రెట్టింపు వైశాల్యం వచ్చింది. ఆ కొవ్వులో ప్రోటీన్లు అటూ ఇటూ కదులుతూ ఉంటాయన్న బొమ్మ 1972లో సింగర్, నికల్సన్ ఇచ్చారు, మీ పుస్తకంలో ఉన్నది అదే.

మధ్యలో కొవ్వు ఉంది కాబట్టి కొవ్వులో కరిగేవి నేరుగా దూరిపోతాయి: ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్, ఆల్కహాల్, స్టెరాయిడ్ హార్మోన్లు. వీటికి ఏ ప్రోటీన్ సాయమూ అక్కర్లేదు. సోడియం, పొటాషియం లాంటి అయాన్లకి మాత్రం ఆ పొర దాదాపు పూర్తిగా మూసేసినట్టే, ఎందుకంటే ఛార్జ్ ఉన్న అయాన్ తన చుట్టూ నీటి అణువుల్ని కప్పుకుని తిరుగుతుంది, కొవ్వులోకి వెళ్ళాలంటే ఆ నీళ్ళన్నీ వదిలించుకోవాలి, దానికి చాలా శక్తి కావాలి. ఉత్త లిపిడ్ పొరలో నీటి అణువు దాటే వేగంతో పోలిస్తే సోడియం దాటే వేగం సుమారు వంద కోట్ల రెట్లు తక్కువ. సైజు ఒక్కటే కారణమైతే ఇంత తేడా రాదు, ఇక్కడ పని చేస్తోంది ఛార్జ్. పరీక్షలో చాలామంది "చిన్నవి వెళ్తాయి, పెద్దవి వెళ్ళవు" అని రాసేస్తారు, స్టెరాయిడ్ అణువు సోడియం కంటే ఎన్నో రెట్లు పెద్దది, అయినా అదే వెళ్తుంది కదా.

డిఫ్యూజన్ గురించి ఒకే మాట. అణువులు ఎటో వెళ్దామనుకుని వెళ్ళవు, ఉన్న వేడికి అడ్డదిడ్డంగా కొట్టుకుంటూ ఉంటాయి, ఎక్కువున్న వైపు నుంచి ఎక్కువ అణువులు బయల్దేరతాయి కాబట్టి మొత్తం లెక్కలో తక్కువున్న వైపుకి చేరినట్టు కనపడుతుంది. అసలు విషయం దూరంలో ఉంది. పట్టే సమయం దూరం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. నీళ్ళలో ఆక్సిజన్ 10 మైక్రోమీటర్లు, అంటే ఓ మామూలు కణం అడ్డం, వెళ్ళడానికి సెకనులో నలభయ్యో వంతు చాలు. అదే ఒక మిల్లీమీటర్‌కి నాలుగు నిమిషాలు, ఒక సెంటీమీటర్‌కి దాదాపు ఏడు గంటలు. కణాలు ఎందుకంత చిన్నవి, ఒంట్లో మూలమూలకీ రక్తనాళాలెందుకు అనే ప్రశ్నలకి సగం జవాబు ఈ లెక్కలోనే ఉంది.

ఆస్మాసిస్, అంటే కరిగినవి ఎక్కువున్న వైపుకి నీళ్ళు పొర దాటి వెళ్ళడం, దగ్గర కొంచెం ఆగుదాం, ఎందుకంటే దీన్ని కళ్ళారా చూడొచ్చు. మూడు టెస్ట్‌ట్యూబులు తీసుకుని ఒకదాంట్లో 0.9 శాతం ఉప్పు నీళ్ళు, రెండోదాంట్లో డిస్టిల్డ్ వాటర్, మూడోదాంట్లో 3 శాతం ఉప్పు నీళ్ళు పోసి ఒక్కో చుక్క రక్తం కలపండి. ఒక అచ్చు కాగితం వెనక పెట్టి చూస్తే మొదటి ట్యూబ్ ఎర్రగా మసకగా ఉంటుంది, అక్షరాలు కనపడవు, కణాలన్నీ చెక్కుచెదరకుండా వెలుతురుకి అడ్డంగా తేలుతున్నాయి. డిస్టిల్డ్ వాటర్ ట్యూబ్ చూస్తుండగానే తేటపడి పారదర్శకమైన ఎరుపుకొస్తుంది, వెనకున్న అక్షరాలు చక్కగా చదువుకోవచ్చు. నీళ్ళు లోపలికి దూరి కణాలు పగిలిపోయాయి, హిమోగ్లోబిన్ బయటికొచ్చి నీళ్ళలో కలిసిపోయింది. మూడోది మళ్ళీ మసకే, కానీ అందులోంచి ఒక చుక్క స్లైడ్ మీద వేసి మైక్రోస్కోప్‌లో చూస్తే కణాలు ముడుచుకుపోయి అంచులంతా ముళ్ళు ముళ్ళుగా ఉంటాయి. డిస్టిల్డ్ వాటర్ నేరుగా రక్తనాళంలోకి ఎక్కించకూడదనేది ఇందుకే, సెలైన్ 0.9 శాతమే ఎందుకన్నదీ ఇందుకే.

ఇక్కడే ఒక మెలిక ఉంది, వైవాలో తప్పకుండా అడిగేది. అదే ప్రయోగం ఉప్పుకి బదులు లీటరుకి 300 మిల్లీమోల్స్ యూరియాతో చెయ్యండి. లెక్క ప్రకారం కరిగిన కణాల సంఖ్య ప్లాస్మాకి దాదాపు సమానం, ఏమీ కాకూడదు. కానీ కణాలు పగిలిపోతాయి! ఎందుకంటే యూరియా పొర దాటి లోపలికి వెళ్ళిపోతుంది, వెనకే నీళ్ళూ వెళ్తాయి. అంటే మొత్తం గాఢత సమానంగా ఉంటే చాలదు, ఆ కరిగిన పదార్థం లోపలికి దూరకుండా బయటే నిలబడగలగాలి. గాఢత సమానమైతే ఐసో ఆస్మాటిక్, కణం సైజు మారకుండా ఉంచితేనే ఐసోటానిక్, రెండూ వేరు అంటే ఇదే. సోడియం బయట నిలబడుతుంది కాబట్టే సెలైన్ పని చేస్తోంది, అసలు సోడియం బయట ఎందుకు నిలబడుతోంది అనేది గుర్తుపెట్టుకోండి, పంప్ దగ్గరికి వచ్చేసరికి అవసరం పడుతుంది.

నీళ్ళ విషయంలో ఇంకో సంగతి. లిపిడ్ పొరలోంచి నీళ్ళు కొద్దికొద్దిగా వెళ్తాయని ఎప్పట్నుంచో తెలుసు, కానీ ఎర్ర రక్తకణం, కిడ్నీ కణం లాంటివి అంత వేగంగా నీళ్ళు ఎలా తీసుకుంటాయో చాలా కాలం తేలలేదు. అమెరికన్ శాస్త్రవేత్త పీటర్ ఆగ్రే వాళ్ళు రక్తం గ్రూపుల్లోని ఆర్‌హెచ్ ప్రోటీన్ కోసం పని చేస్తుంటే మధ్యలో వేరే ప్రోటీన్ ఒకటి అడ్డం తగిలింది. 1992లో దాని ఆర్‌ఎన్‌ఏని కప్ప గుడ్లలోకి ఎక్కించి పలచటి ద్రావణంలో వేశారు, మామూలు గుడ్లు అలాగే ఉన్నాయి, ఆర్‌ఎన్‌ఏ ఎక్కించినవి కొద్ది నిమిషాల్లోనే ఉబ్బి టపటపా పగిలిపోయాయి. అదే ఆక్వాపోరిన్. ఒక్కో ఛానెల్ సెకనుకి సుమారు 300 కోట్ల నీటి అణువుల్ని పంపుతుంది, ప్రోటాన్‌ని (హైడ్రోజన్ అయాన్‌ని) మాత్రం ఒక్కదాన్నీ పోనివ్వదు, పోనిస్తే కణం లోపలి పీహెచ్ గందరగోళం అయిపోయేది. మన కిడ్నీలు రోజుకి 180 లీటర్లు వడకట్టి చివరికి ఒకటి రెండు లీటర్లే బయటికి పంపుతాయంటే దాంట్లో ఆక్వాపోరిన్ల పాత్ర చాలా పెద్దది, వాసోప్రెసిన్ హార్మోన్ చేసేది ఏంటంటే కిడ్నీ చివరి గొట్టాల కణాల్లో దాచి ఉంచిన ఆక్వాపోరిన్ 2ని పొర మీదికి తెప్పించడం.

ఆగ్రేతో 2003 నోబెల్ పంచుకున్న రోడరిక్ మెకినన్ పని కూడా ఇదే కోవలోది, పొటాషియం ఛానెల్ రూపం 1998లో బయటపెట్టాడు. సోడియం అయాన్ చిన్నది, పొటాషియం పెద్దది, అయినా ఆ ఛానెల్ పెద్దదాన్ని పోనిచ్చి చిన్నదాన్ని ఆపుతుంది. కారణం మళ్ళీ నీళ్ళే. ఛానెల్ ఇరుకు భాగంలో ఉన్న ఆక్సిజన్ పరమాణువులు పొటాషియం వదిలేసిన నీళ్ళ స్థానాన్ని అచ్చంగా భర్తీ చేసే దూరంలో ఉన్నాయి, సోడియంకి ఆ దూరం అందదు కాబట్టి నీళ్ళు వదిలి రావడం దానికి గిట్టుబాటు కాదు.

సరే, ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఎక్కువ నుంచి తక్కువకి వెళ్ళేవే. ఇక పంప్ దగ్గరికి వద్దాం.

డెన్మార్క్‌లో యెన్స్ స్కౌ పీతల కాళ్ళ నరాల మీద పని చేస్తూ 1957లో ఒక ఎంజైమ్ గురించి రాశాడు, సోడియం, పొటాషియం రెండూ ఉంటేనే బాగా పని చేసి ఏటీపీని విరగ్గొట్టే ఎంజైమ్ అది. అదే సోడియం పొటాషియం పంప్. ఒక ఏటీపీ ఖర్చు పెట్టి మూడు సోడియంలని బయటికి తోస్తుంది, రెండు పొటాషియంలని లోపలికి లాగుతుంది. ఫలితం: సోడియం బయట లీటరుకి 145 మిల్లీమోల్స్, లోపల 12 చుట్టుపక్కల, పొటాషియం లోపల 140, బయట 4, 5. ఇందాక గుర్తుపెట్టుకోమన్న ప్రశ్నకి జవాబు ఇదే, సోడియం బయట నిలబడిందంటే రాకుండా ఉంటోందని కాదు, కొద్దికొద్దిగా కారి లోపలికొస్తున్నదాన్ని వచ్చినట్టే బయటికి తోసేస్తున్నారు. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లో ఖర్చయ్యే ఏటీపీలో దాదాపు ఐదోవంతు నుంచి నాలుగోవంతు ఈ ఒక్క పంప్‌కే పోతుందని అంచనా, మెదడులో ఇంకా ఎక్కువ.

ఇంత ఖర్చు దేనికి అంటే, మోటర్ వేసి నీళ్ళు మేడ మీద ట్యాంకుకి ఎక్కిస్తాం, తర్వాత కింద కుళాయి తిప్పినప్పుడు కరెంటు లేకపోయినా నీళ్ళొస్తాయి, సోడియం తేడా ఆ ట్యాంకులాంటిది. కుళాయి దగ్గర మీటర్ తిరగట్లేదు కాబట్టి నీళ్ళు ఉచితం అంటామా?

మీ గ్లూకోజ్ సంగతి ఇదే. పేగు కణం పైపక్క, అంటే తిండి ఉన్న వైపు, ఎస్‌జీఎల్‌టీ 1 అనే ప్రోటీన్ ఉంటుంది. దాని లోపలి గూడు బయటికి తెరిచి ఉన్నప్పుడు ముందు రెండు సోడియంలు వచ్చి కూర్చుంటాయి, అవి కూర్చున్నాక గ్లూకోజ్ పట్టే చోటు సరిగ్గా అమరుతుంది, గ్లూకోజ్ కూడా ఎక్కాక ప్రోటీన్ రూపం మారి బయటి వైపు మూసుకుని లోపలి వైపు తెరుచుకుంటుంది. లోపల సోడియం తక్కువ, పైగా కణం లోపలి వైపు నెగటివ్, కాబట్టి సోడియంలు దిగిపోతాయి, వాటితో పాటు గ్లూకోజూ దిగిపోతుంది. ఖాళీ ప్రోటీన్ మళ్ళీ బయటికి తిరుగుతుంది. ఈ చుట్టు మొత్తంలో ఎక్కడా ఏటీపీ లేదు, గ్లూకోజ్‌ని ఎదురెక్కించింది సోడియం దిగడంలో వచ్చిన శక్తి. రెండు సోడియంల గాఢత తేడా, వోల్టేజ్ కలిపి లెక్క వేస్తే కాగితం మీద గ్లూకోజ్‌ని పది వేల రెట్ల తేడా దాకా ఎక్కించగల శక్తి ఉంది. లోపల పోగైన గ్లూకోజ్ రక్తం వైపు గోడలోని గ్లట్ 2 అనే ప్రోటీన్ ద్వారా దానంతటదే బయటికి దిగుతుంది, వచ్చిన సోడియంని అదే గోడలోని పంప్ ఏటీపీ పెట్టి బయటికి తోస్తుంది.

నమ్మకం కుదరకపోతే ఒక పరీక్ష ఉంది. ఒవాబైన్ అనే విషం పంప్‌ని ఆపేస్తుంది, ఎస్‌జీఎల్‌టీ జోలికి వెళ్ళదు. అది పెడితే గ్లూకోజ్ తీసుకోవడం వెంటనే ఆగదు, లోపల సోడియం పేరుకుంటున్న కొద్దీ నెమ్మదించి చివరికి ఎదురెక్కడం ఆగిపోతుంది. అందుకే దీన్ని సెకండరీ యాక్టివ్ ట్రాన్స్‌పోర్ట్ అంటారు, తెలుగు పుస్తకాల భాషలో ద్వితీయ సక్రియా రవాణా. పరీక్షలో పేరొక్కటే రాసి వదిలెయ్యకండి, ఏటీపీ ఏ గోడలో ఖర్చవుతోందో ఒక్క వాక్యం రాయండి, దిద్దేవాళ్ళు చూసేది ఆ వాక్యం కోసమే.

సోడియం, గ్లూకోజ్ జోడీగా వెళ్తాయన్న ఆలోచనని రాబర్ట్ క్రేన్ 1960లో ప్రాగ్‌లో జరిగిన ఒక సమావేశంలో చెప్పాడు. అది కాగితానికే పరిమితమై ఉంటే ఇంత చెప్పేవాణ్ణి కాదు. కలరాలో ఏం జరుగుతుందంటే ఆ విషం పేగు కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువుని పెంచేసి సీఎఫ్‌టీఆర్ అనే క్లోరైడ్ ఛానెల్‌ని తెరిచి పెట్టేస్తుంది, క్లోరైడ్ బయటికి పోతుంది, వెనకే సోడియం, నీళ్ళు. మనిషి గంటల్లో ఎండిపోతాడు. కానీ ఆ విషం ఎస్‌జీఎల్‌టీ 1ని చెడగొట్టదు, అది ఎప్పట్లాగే పని చేస్తుంటుంది. కాబట్టి ఉత్త ఉప్పు నీళ్ళు తాగితే నిలవవు, ఉప్పుతో పాటు గ్లూకోజ్ కూడా ఉంటే రెండూ కలిసి లోపలికెళ్తాయి, వాటి వెంట నీళ్ళూ వెళ్తాయి. ఓఆర్‌ఎస్ అంటే ఇంతే. 2002 నుంచి డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములాలో లీటరుకి సోడియం 75, గ్లూకోజ్ 75 మిల్లీమోల్స్, మిగతా లవణాలతో కలిపి కరిగినవన్నీ మొత్తం 245. 1971 బంగ్లాదేశ్ యుద్ధంలో బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా వచ్చి సెలైన్ సీసాలు అయిపోతుంటే డాక్టర్ దిలీప్ మహాలనబిస్ డ్రమ్ముల్లో ఈ ద్రావణం కలిపి తాగించారు, అక్కడ మరణాలు 30 శాతం దగ్గర్నుంచి 4 శాతం లోపుకి పడిపోయాయి. చాలామంది చేసే పొరపాటు ఒకటుంది, తియ్యగా ఉంటే పిల్లలు తాగుతారని పంచదార ఇంకో రెండు చెంచాలు వేస్తారు, అలా చెయ్యకండి, ఎస్‌జీఎల్‌టీ పట్టుకోలేనంత గ్లూకోజ్ పేగులో మిగిలిపోతే అదే నీళ్ళని పేగులోకి లాగి విరేచనాల్ని పెంచుతుంది. పైన చెప్పిన ఆస్మాసిసే.

ఇదే కుటుంబంలో ఎస్‌జీఎల్‌టీ 2 కిడ్నీలో ఉంటుంది, వడకట్టిన గ్లూకోజ్‌లో 90 శాతం దాకా వెనక్కి తీసుకునేది అదే. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మందులు దాన్నే అడ్డుకుంటాయి, గ్లూకోజ్ మూత్రంలో పోతుంది.

ఇక కండరాల్లో, కొవ్వు కణాల్లో ఉండే గ్లట్ 4 మాత్రం నిజంగా ఫెసిలిటేటెడ్ డిఫ్యూజనే, అంటే ప్రోటీన్ సాయంతో ఎక్కువ నుంచి తక్కువకి దిగడమే. అక్కడ సోడియం జోడీ అక్కర్లేదు, ఎందుకంటే లోపలికొచ్చిన గ్లూకోజ్‌కి వెంటనే ఫాస్ఫేట్ తగిలించేస్తారు, అది ఇక గ్లట్ గుండా వెనక్కి పోలేదు, లోపల స్వేచ్ఛగా ఉన్న గ్లూకోజ్ ఎప్పుడూ తక్కువే, రక్తంలో ఎక్కువే. ఆ ఫాస్ఫేట్ ఎక్కడ్నుంచి వచ్చిందో గమనించారా? ఏటీపీ నుంచి. ఇక్కడా ఖర్చు ఉంది, పేరులో లేదంతే.

ఎండోసైటోసిస్, ఎక్సోసైటోసిస్‌లని (సంచీల్లో పెట్టి లోపలికి తీసుకోవడం, బయటికి పంపడం) ఐదో రకంగా కలిపేసి చదవడం నాకు నచ్చదు. రక్తంలోని ఎల్‌డీఎల్ కొలెస్టరాల్ రేణువు పొర మీది రిసెప్టార్‌కి అతుక్కుంటే, పొర లోపలికి మడతపడి సంచీలా ఊడి వస్తుంది, దీన్ని తేల్చినందుకే బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకి 1985లో నోబెల్ వచ్చింది. కానీ ఆ సంచీలో ఉన్నది ఇంకా పొరని దాటలేదు, లెక్క ప్రకారం అది ఇప్పటికీ "బయటే" ఉంది. ఇనుమునే తీసుకోండి, దాన్ని రక్తంలో మోసుకొచ్చే ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రోటీన్‌తో పాటు సంచీలోకి వచ్చాక, సంచీలో ఆమ్లం పెరిగి ఇనుము విడివడ్డాక, డీఎంటీ 1 అనే ఇంకో రవాణా ప్రోటీన్ గుండా వెళ్తేనే అది కణం సొంతం అవుతుంది. అంటే చివర్లో మళ్ళీ పొర దాటే ప్రోటీన్ దగ్గరికే రావాలి.

మందులకీ ఇదే వర్తిస్తుంది, ఒక్కటి చెప్పి వదిలేస్తా. లోపెరమైడ్ అనే విరేచనాల మందు నిజానికి ఓపియాయిడ్ జాతిది, కొవ్వులో బాగా కరుగుతుంది, మెదడులోకి సులభంగా వెళ్ళాలి. మామూలు డోసులో వెళ్ళదు, ఎందుకంటే మెదడు రక్తనాళాల కణాల్లో ఉన్న పీ గ్లైకోప్రోటీన్ అనే పంప్ దాన్ని వచ్చింది వచ్చినట్టే ఏటీపీ పెట్టి బయటికి తోసేస్తుంది. కాబట్టి "కొవ్వులో కరిగితే లోపలికి వెళ్తుంది" అన్న మాట కూడా సగమే నిజం, వెళ్ళాక ఉండనిస్తారా అనేది వేరే ప్రశ్న.

తర్వాత రాబోయే డౌట్ నేనే ఊహిస్తాను: అన్ని జీవుల్లోనూ సోడియమేనా? లేదండి. మొక్కలు, చాలా బ్యాక్టీరియాలు ఈ పనికి ప్రధానంగా ప్రోటాన్‌ని వాడుకుంటాయి, ఈ.కోలై లాక్టోజ్‌ని లోపలికి లాగేది ప్రోటాన్ జోడీతోనే. ఇంకో అడుగు ముందుకెళ్తే, పంప్‌కి కావలసిన ఏటీపీ ఎక్కడ్నుంచి వస్తోంది? ఎక్కువ భాగం మైటోకాండ్రియా లోపలి పొరకి అటూ ఇటూ ఉన్న ప్రోటాన్ తేడా నుంచే, పీటర్ మిచెల్ 1961లో చెప్పినప్పుడు చాలామంది ఒప్పుకోలేదు, 1978లో నోబెల్ ఇచ్చారు. అంటే పంప్ ఏటీపీని విరగ్గొట్టి అయాన్ తేడా తయారు చేస్తుంటే, ఏటీపీ సింథేజ్ అయాన్ తేడాతో ఏటీపీని తయారు చేస్తోంది, ఒకదానికి తిరగేసి ఇంకోటి. 1997లో రసాయన శాస్త్రం నోబెల్ సగం పీతల కాళ్ళ మీద పని చేసిన స్కౌకి, మిగతా సగం ఏటీపీ సింథేజ్ మీద పని చేసిన బోయర్, వాకర్‌లకి ఇచ్చారు. ఆ రెండు చాప్టర్లూ మీ పుస్తకంలో దూరం దూరంగా ఉంటాయి, వీలైతే పక్కపక్కన పెట్టుకుని చదవండి.